చివరి స్తంభం దగ్గర వోల్టేజి

నేను ముప్ఫై మూడేళ్లు కరెంటు పంచాను. పుట్టించలేదు, పంచాను. ఈ రెండు పనులకూ ఉన్న తేడా కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు తెలియదు. చేరినప్పుడు నాకూ తెలియదు.

ఈమధ్య మా శాఖలో చేరిన పిల్లలకు ఒక పూట పాఠం చెప్పమంటే వెళ్లాను. రాష్ట్రం వాతావరణాన్ని వేడెక్కించే బొగ్గు, డీజిల్ పొగని సున్నాకి తేవడం ఎలా అన్నది విషయం. వాళ్లు గోడ మీద పటం వేసి చూపించారు. ఎండతో కరెంటు ఎక్కడ తీయాలి, గాలిమరలు ఎక్కడ నిలబెట్టాలి, బ్యాటరీలు ఎక్కడ పెట్టాలి, బస్సులన్నీ ఎప్పటికి కరెంటు మీదికి రావాలి, అన్నీ ఉన్నాయి. మంచి పటం. అందులో నేను తప్పు పట్టేది ఏమీ లేదు. కాకపోతే అందులోని గీతలన్నీ కరెంటు పుట్టే చోట మొదలై సబ్‌స్టేషన్ దగ్గర ఆగిపోయాయి. నా ఉద్యోగం సరిగ్గా అక్కడ మొదలయ్యేది. అందుకని ప్రమోషన్లూ బదిలీ ఉత్తర్వులూ పక్కనపెట్టి, నాకు పని నేర్పిన ఒకే ఒక్క వ్యవహారం ఆ పిల్లల కోసం రాస్తున్నాను. అందులో తప్పు నాదే.

ద్రాక్షతోటలు ప్లాట్లయిన రోజులు

ఎనభైల మొదట్లో నన్ను దిల్‌సుఖ్‌నగర్ సెక్షన్‌కి అసిస్టెంట్ ఇంజనీర్‌గా వేశారు. మాది నల్లగొండ జిల్లా. ఆ రోజుల్లో ఆడ ఇంజనీర్లను డిజైన్ల ఆఫీసులో కూర్చోబెట్టేవాళ్లు, స్తంభాల పనికి పంపేవాళ్లు కాదు. నేను అడిగి మరీ ఫీల్డుకి వచ్చాను. మేడం ఎన్నాళ్లుంటుందో అని లైన్‌మన్లు పందెం వేసుకున్నారని తర్వాత తెలిసింది. నాలుగేళ్లున్నాను. ఎవరు గెలిచారో అడగలేదు.

మా సెక్షన్ ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఉండేది. ఇప్పుడు మెట్రో స్తంభాలున్న రోడ్డుకి అటూ ఇటూ అప్పట్లో ద్రాక్షతోటలు, వరి మళ్లు. ఒక సోమవారం తోటగా చూసిన జాగాలో మళ్లీ సోమవారానికి పందిళ్లు పీకేసి, సున్నం పూసిన హద్దురాళ్లు పాతి ఉండేవి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు, మా జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, అందరూ ఇళ్లు కట్టేవాళ్లే. ముందు బోరు వేయించుకునేవాళ్లు, వెంటనే మా ఆఫీసుకి వచ్చేవాళ్లు. పొద్దున్నే నేను తాళం తీసేసరికి మెట్ల మీద పదిమంది కూర్చుని ఉండేవాళ్లు.

నెలకి ఎన్ని కొత్త కనెక్షన్లు ఇచ్చామన్నదే మాకు గొప్ప. ఇచ్చిన కనెక్షన్‌లోంచి ఏం వస్తోందో చూసే తీరిక ఎవరికీ లేదు. వాతావరణం అన్న మాట మా ఆఫీసులో గాలివానకి లైన్లు తెగుతాయేమో అనుకునేటప్పుడు తప్ప వినిపించేది కాదు.

పావుగంటలో పెట్టిన సంతకం

కర్మన్‌ఘాట్ వెళ్లే దారిలో యాదిరెడ్డి అనే పాత ఊరి ఆసామి ఉండేవాడు. అందరూ పటేల్ అనేవాళ్లు. తన ద్రాక్షతోట కొట్టించి కాలనీ వేశాడు. పొడుగ్గా, సన్నగా, రోడ్డు నుంచి లోపలికి సాగిపోయే కాలనీ. దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టాలో చూడటానికి నేను వెళ్లాను. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ ఇళ్ల మధ్యలో ఉండాలి. అన్ని వైపులకూ వైరు దూరం తగ్గుతుంది. ఇది మొదటి పాఠం. నేను మధ్యలో ఒక మూల ప్లాటు చూపించాను.

పటేల్ నవ్వాడు. "నడిమిట్ల పెడితే పక్కపొంటి ప్లాట్లు ఎవ్వడు తీస్కుంటడు మేడం? రోడ్డు పక్కకు జాగ నేనే ఇస్తున్న. రేపే పని షురూ చేస్కోన్రి."

నాకు చేతిలో అలాంటి దరఖాస్తులు ఇంకా చాలా ఉన్నాయి. జాగా ఇస్తానన్న మనిషి దొరకడమే అదృష్టం అనుకున్నాను. మనిషి మర్యాదస్తుడు, నిమ్మకాయ సోడా తెప్పించాడు. పావుగంటలో సంతకం పెట్టి వచ్చేశాను. రోడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి కాలనీ చివరిదాకా ఒకటే పొడుగు లైను. ఆ లైనులో చివరి స్తంభం దగ్గర ఒక పిండి గిర్ని ఉండేది.

గిర్ని మరియమ్మ

గిర్ని నడిపేది మరియమ్మ. భర్త మేస్త్రీ, ఆ కాలనీ ఇళ్లు చాలావరకు ఆయన చేతి మీదే లేచాయి. ఇద్దరూ మా జిల్లా నుంచే వచ్చారు. ఆదివారం ప్రార్థనకి వెళ్లే రెండు గంటలు తప్పితే ఆమె గిర్ని దగ్గరే ఉండేది. జొన్నలు, గోధుమలు, ఎండకాలం మిరపకాయలు. ఆమెకి నలభై దాటి ఉంటాయి, నాకు ఇరవై ఆరు.

మొదటిసారి ఆఫీసుకి వచ్చినప్పుడు సంచిలోంచి నల్లగా మాడిపోయిన రాగితీగల చుట్ట తీసి నా టేబుల్ మీద పెట్టింది. మోటారులోంచి తీసినది. గది అంతా కాలిన వాసన.

"చూడున్రి మేడం. రెండోపారి కాలింది. కరెంటు మంచిగ ఒస్తలేదు. జర ఒచ్చి చూడున్రి."

"ఎక్కువ లోడు వేసి ఉంటారు," అన్నాను. "గోధుమలూ మిరపకాయలూ ఒకేసారి పోస్తే ఏ మోటారైనా కాలుతుంది."

ఆమె నా మొహం వంక చూసింది. "ఒకేపారి రెండెట్ల పోస్తరు మేడం? గిర్నికి నోరు ఒకటే గదా."

పక్కన లైన్‌మన్ లచ్చయ్య నవ్వాపుకున్నాడు. నాకు కోపం వచ్చింది. మోటారు మంచి కంపెనీది పెట్టుకోమని చెప్పి పంపేశాను.

వోల్టేజి తగ్గితే మోటారు ఆ పనే చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగితే లోపలి తీగ వేడెక్కి మాడిపోతుంది. ఇది నేను పరీక్షలో బొమ్మతో సహా రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే. ఒక మనిషి అదే విషయాన్ని సంచిలో వేసుకొచ్చి చూపిస్తే మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

రెండు నెలల తర్వాత ఇంకోసారి వచ్చింది. నేను కాగితం తీసుకుని లచ్చయ్యని పంపుతానన్నాను, పంపలేదు. ఆ తర్వాత ఆమె రావడం మానేసింది. సమస్య తీరింది కాబోలు అనుకున్నాను. పిల్లలూ, ఫిర్యాదు ఆగిపోయిందని ఎప్పుడూ సంతోషించకండి. మీ దగ్గరికి రావడం దండగ అని ఆ మనిషి నిర్ణయించుకుని ఉండవచ్చు.

పొగ

ఎండలు అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో వేరే పని మీద ఆ కాలనీకి వెళ్లాను. లోపలికి నడుస్తుంటే చివర ఇళ్ల మీద నల్లటి పొగ, డబడబమని చప్పుడు. గిర్ని వెనక రేకుల కింద డీజిల్ ఇంజన్ తిరుగుతోంది. పక్కింటావిడ ఆరేసిన బట్టలు తీసుకుంటూ గొణుగుతోంది. మరియమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు.

"ఏమైంది చేతికి?"

"హ్యాండిల్ తిప్పుతాంటె ఎనకకు తన్నింది. బొక్క ఇరిగింది," అంది. ఏడుపు లేదు, కోపం కూడా పెద్దగా లేదు. "దవాఖానల పెద్ద సార్ అడిగిండు, ఆడమనిషివి ఇంజను ఎందుకు తిప్పుతున్నవమ్మా అని. ఏం చెప్పాలె? కరెంటు ఆఫీసుల మేడం నమ్మలేదని చెప్పాల్నా?"

పిండి బాగా పడుతోందా అని అడిగాను. ఆమె ఎడమచేత్తో పిండి పిడికెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. డీజిల్ వాసన. "రొట్టెలు గిట్ల వాసనొస్తున్నయని సగం మంది కొత్తపేటకు పోతున్నరు. నాకు మాత్రం గీ పొగ మీద మోజా? మీ కరెంటు మోసం చేస్తది, ఇంజను చెయ్యది. గంతే."

నలభై ఏళ్ల తర్వాత కూడా, బొగ్గు మానాలి, డీజిల్ మానాలి అని ఎవరైనా గట్టిగా ఉపన్యాసం ఇస్తుంటే నాకు ఆ మాటే వినిపిస్తుంది. పొగ మీద ఎవరికీ మోజు లేదు. మనం ఇచ్చేది నమ్మకంగా లేనప్పుడు మనిషి పొగ పెట్టుకుంటాడు.

మూర్తి గారు

మా డివిజనల్ ఇంజనీర్ మూర్తి గారు కోస్తా మనిషి. నోరు కాస్త కటువు. నా పద్దెనిమిది మంది పై అధికారుల్లో పని నేర్పినవాళ్లు ఇద్దరు, అందులో మొదటివారు ఈయన. ఆ కాలనీకి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మంజూరు చేయమని కాగితం తీసుకెళ్లాను.

ఆయన చదివి పక్కన పెట్టారు. "పెద్దది పెడితే మొదటింట్లో బల్బు ఇంకా బాగా వెలుగుతుంది. చివరింటికేమొస్తుందమ్మా?"

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను.

"ఆరేళ్లు బొగ్గు కరెంటు స్టేషన్లో పనిచేశాను నేను. క్వార్టర్స్‌లో పొద్దున ఆరేసిన చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకొచ్చేది. మా పక్కింటి పిల్ల దగ్గుతూనే పెరిగింది. నువ్వు వైర్లో పోగొట్టే ప్రతి యూనిట్టూ అక్కడ కాలిందే. అది ఎవరికీ దీపం పెట్టలేదు, ఎవరి గిర్నీ తిప్పలేదు. ఆ పిల్లకి దగ్గు మాత్రం ఇచ్చింది. ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ అడిగే ముందు, ఇచ్చింది ఎక్కడ పోతోందో చూసి రా."

మర్నాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నేనూ లచ్చయ్యా వోల్ట్‌మీటర్ పట్టుకుని రోడ్డు దగ్గర మొదలుపెట్టాం. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, అక్కడి ఇంట్లో ప్లగ్గులో పెట్టి చూశాం. మొదటింట్లో ఉండాల్సిన రెండువందల ముప్ఫై వోల్టులకి కాస్త తక్కువ. టీవీ చూస్తున్నారు. నాలుగైదు స్తంభాలు దాటేసరికి ట్యూబులైటు వెలగక కొట్టుకుంటోంది. మధ్యలో ఒక జాయింటు దగ్గర వైరుకి వైరు చేత్తో మెలిపెట్టి వదిలేశారు, అది నల్లగా కమిలిపోయింది. చివరి ఇళ్లలో సూది నూట అరవై దగ్గర ఊగుతోంది. ఒకింట్లో బల్బు కింద కిరసనాయిలు దీపం పెట్టుకుని పిల్ల చదువుకుంటోంది.

లచ్చయ్య పైకి చూసి అన్నాడు. "మేడం, గిది బల్బు కాదు. బీడీ."

ఆ పూట నాకు సంగతి అర్థమైంది. వైరులో కరెంటు రెట్టింపైతే పోయే నష్టం నాలుగింతలవుతుంది. సన్నటి పొడుగు వైరుతో మేం వీధి పొడుగునా గాలిని వేడి చేస్తున్నాం. దాని కోసం ఎక్కడో బొగ్గు కాలుతోంది. చాలక ఇక్కడ డీజిలూ కిరసనాయిలూ కాలుతున్నాయి. అంతా కలిపి ఒకే తప్పు, నా పావుగంట సంతకం.

ట్రాన్స్‌ఫార్మర్ చోటు మార్చడానికి పెట్టే కాగితంలో, లోడు ఊహించని విధంగా పెరిగినందువల్ల అని కారణం రాసేయమని ఆఫీసులో అందరూ సలహా ఇచ్చారు. మూర్తి గారిని అడిగాను.

"అలా రాస్తే సామాను వస్తుంది. చోటు తప్పు, ఆ తప్పు నాది అని రాస్తే నీకు బుద్ధొస్తుంది. నాకు రెండూ కావాలి. రెండోది రాయి, సామాను సంగతి నేను చూస్తాను."

రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన కాగితాల్లో మనసుకి నచ్చినది అదొక్కటే.

పటేల్ నడక

మధ్యలో జాగా కావాలంటే మళ్లీ యాదిరెడ్డి దగ్గరికే వెళ్లాలి.

"ఇచ్చిన జాగ సాలదా మేడం? మల్లేంది?"

"పటేల్, చివరి వరస ప్లాట్లు ఎందుకు ఖాళీగా ఉన్నయి?" అని అడిగాను. ఆ సరికి నేనూ మా ఊరి భాషలోకి దిగాను.

"ఏమో. ఒస్తరు, చూస్తరు, మల్ల చెప్తమని పోతరు."

"ఏ టైముకు ఒస్తరు?"

"ఆఫీసులు అయినంక ఒస్తరు, పొద్దుమూకి."

"అయితే ఇయ్యాల పొద్దుమూకి నాతోని నడువున్రి."

నడిచాడు. పంచె పైకి దోపుకుని, ప్రతి ఇంట్లో తొంగి చూస్తూ నడిచాడు. చివరింటి గుమ్మంలో కాసేపు నిలబడి ఆ ఎర్రటి బల్బు వంక చూశాడు. తర్వాత గిర్ని దగ్గర మరియమ్మ చేతి కట్టు చూశాడు.

"గీ చీకట్ల ఇల్లు నేనైతె కొందునా?" అన్నాడు, నాతో కాదు, తనలో తనే. మర్నాడు మధ్య ప్లాటులో మూల జాగా, చివర్లో ఇంకో చిన్న జాగా రాసిచ్చాడు. ఈసారి సోడా తెప్పించలేదు.

ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు రెండు చిన్నవి పెట్టాం. వైరు మార్చాం, ప్రతి జాయింటుకీ క్లాంపు బిగించాం. మళ్లీ దీపాలవేళ కొలిస్తే చివరింట్లో సూది నిటారుగా నిలబడింది. సబ్‌స్టేషన్ మీటర్లు పోల్చి చూసిన మూర్తి గారు నన్ను పిలిచారు. అవే ఇళ్లు అంతకుముందుకన్నా బాగా వెలుగుతున్నా, మొత్తం లాగే కరెంటు తగ్గింది. "ఈ తగ్గిందంతా నేలలో మిగిలిన బొగ్గమ్మా," అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

నమ్మకం ఆలస్యంగా వచ్చింది

మరియమ్మ పరిగెత్తుకుని వస్తుందనుకున్నాను. రాలేదు. నేనే వెళ్లి కరెంటు బాగైందని చెప్పాను.

"సంతోషం," అంది. ఇంజన్ తిరుగుతూనే ఉంది. చేతికి కట్టు తీసేశారు, ఆమె తమ్ముడొచ్చి హ్యాండిల్ తిప్పుతున్నాడు. "ఎండకాలం పోనియ్యున్రి మేడం. కూలర్లు తిరిగినప్పుడు సూద్దాం మీ కరెంటు."

నాకు మొదట చివుక్కుమంది. తర్వాత ఆమె నాకంటే మంచి ఇంజనీరనిపించింది. లోడు ఎక్కువైనప్పుడే కదా పరీక్ష. గిర్ని గోడకి ఒక వోల్ట్‌మీటర్ బిగించి, ఎక్కడికంటే కిందికి పోకూడదో అక్కడ ఎర్ర రంగుతో గీత పెట్టాను. సూది గీత దిగితే కబురు చేయమన్నాను. మూడుసార్లు కబురొచ్చింది. మూడుసార్లూ ఆ పూటే వెళ్లాం. ఒకసారి ఫ్యూజు దగ్గర లూజు, ఒకసారి కొమ్మ తగిలింది, ఒకసారి ఆమె మమ్మల్ని పరీక్షించడానికే పిలిచింది. ఆ మాట ఆమే నవ్వుతూ చెప్పింది.

వానాకాలం మొదలయ్యాక ఒక రోజు ఆఫీసు గుమ్మంలో నిలబడింది. సంచి విప్పి పిండి పొట్లం నా టేబుల్ మీద పెట్టింది. "వాసన చూడు బిడ్డా," అంది. వేడిగా, జొన్న వాసన తప్ప ఇంకేమీ లేదు. మోటారు మళ్లీ బిగించింది. అంతవరకూ మేడం అన్న మనిషి అప్పటి నుంచి బిడ్డా అనే పిలిచింది.

"మరి ఇంజన్?" అని అడిగాను.

"అమ్మేసిన. బాటసింగారం దిక్కు రైతు ఒకాయన తీస్కపోయిండు. ఆయన బాయి కాడ కరెంటు ఉంటె ఉంటది, లేకుంటె లేదంట."

ఆమె వెళ్లిపోయాక అసలు సంగతి తట్టింది. మా కాలనీలో పొగ పోయింది. రాష్ట్రంలో పోలేదు. అదే ఇంజన్, అదే డీజిల్, ఇంకో ఊరి పొలంలో తిరుగుతోంది. ఎక్కడో ఇంకో ఆమె బట్టలు ఆరేసుకుంటోంది. నేను గెలిచాననుకున్నది నా సెక్షన్ హద్దు దాకా మాత్రమే.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఆ వైపే నాకు పోస్టింగు వచ్చింది. ఆ ఇంజన్ కోసం వెతికాను. దొరకలేదు. ఆ రైతు ఎవరో కూడా తెలియలేదు. అలాంటి ఇంజన్లు మాత్రం బావి బావి దగ్గరా కనిపించాయి. అక్కడా అదే పని చేశాం: వైరు దూరం తగ్గించడం, జాయింట్లు బాగుచేయడం, చెప్పిన వేళకి చెప్పినట్టు కరెంటు ఇవ్వడం. రైతుల్ని ఎవరూ బతిమాలలేదు. రెండు పంటలు చూసుకుని వాళ్లే ఇంజన్లు ఆపేశారు. ఇది నేను కళ్లారా చూశాను కాబట్టే సున్నా సాధ్యమని ఇంత ధీమాగా చెబుతున్నాను.

మీ పని

ఎండ నుంచి కరెంటు తీయండి. మా రోజుల్లో మేం కలలో కూడా అనుకోనిది మీకు చేతిలో ఉంది. పంపుసెట్లు పగలే తిప్పండి, ఎండ ఉన్నప్పుడే నీళ్లు పారించండి. పొద్దుగూకాక వాడుకోవడానికి దాచుకోండి. బస్సులు, పొయ్యిలు, ఫ్యాక్టరీలు ఒకటొకటిగా కరెంటు మీదికి తెండి. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. కానీ ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద షాపుల వెనక సందుల్లోకి వెళ్లి చూడండి, జనరేటర్లు కనిపిస్తాయి. ఒక్కో జనరేటరూ మన మీద ఎవరో ఇచ్చిన సాక్ష్యం. వాళ్లని తిట్టకండి. సూది ఎక్కడ కిందికి దిగుతోందో అడగండి.

మీ అధికారులు మిమ్మల్ని ఎన్ని మెగావాట్లు పెట్టారని అడుగుతారు. జవాబు చెప్పండి, తప్పదు. మీరు మాత్రం వేరే లెక్క చూసుకోండి. పొగ మానేసిన ప్రతి మనిషీ తన ఇంజన్ ఎవరికి అమ్మాడో కనుక్కోండి. కొన్న ఊరు ఏదో ఆ ఊరికి వెళ్లండి. అక్కడి నుంచి ఇంకో ఊరికి. అమ్మడానికి పెట్టిన డీజిల్ ఇంజన్ని రాష్ట్రంలో ఎవరూ కొనడానికి రాక, చివరికి పాత ఇనుము కింద విరగ్గొట్టుకోవాల్సి వచ్చిన రోజున మీరు సున్నాకి చేరినట్టు.